కువైట్ వెళ్లే మన ఆడవాళ్లకు బయలుదేరకముందే తెలుగులో చెప్పండి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో ప్రవాసుల వ్యవహారాలు చూసే మంత్రిగారికి, విదేశాల్లో పనులకు పంపే ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్, ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ అధికారులకు నమస్కారం.

నేను రాజంపేట వైపు ఊళ్లలో ముప్పై ఒక్క ఏళ్లు సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు కువైట్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఈ చలికాలం వాళ్ల దగ్గరికి వెళ్లి నెల రోజులు ఉండి వచ్చాను. మా తరగతుల్లో ఏ ఏడాది చూసినా నలుగురైదుగురు పిల్లలకు తల్లి కువైట్‌లో ఉండేది. ప్రోగ్రెస్ కార్డు మీద తల్లి సంతకం ఉండాల్సిన చోట అవ్వ వేలిముద్ర ఉండేది. తల్లి సెలవు మీద వచ్చిన వారం ఆ పిల్లలు కొత్త వాచీతో, సెంటు వాసనతో బడికి వచ్చేవాళ్లు. ఆమె తిరిగి వెళ్లిన వారం బడికే వచ్చేవాళ్లు కాదు. ఇన్నేళ్లూ కువైట్‌ను ఆ పిల్లల వైపు నుంచే చూశాను. తల్లులను వాళ్లు పనిచేసే చోట చూడటం నాకు ఇదే మొదటిసారి. చూసింది మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

చెన్నైలో విమానం ఎక్కాక నా పక్కసీట్లో ఒక అమ్మాయి కూర్చుంది. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. సీటు బెల్టు పెట్టుకోవడం తెలియక నావైపు చూసింది, పెట్టాను. కాసేపటికి ప్లాస్టిక్ కవర్లోంచి నాలుగు మడతల కాగితం తీసింది.

"మేడం, ఇందులో జీతం ఎంతని రాసినారో చూసి చెప్తారా?"

అది వీసా కాగితం. సగం అరబీ, సగం ఇంగ్లీషు. రెండుసార్లు చదివాను. ఆమె పేరుంది, పాస్‌పోర్టు నంబరుంది, స్పాన్సర్ పేరుంది. పని అన్న చోట ఇంటి పనిమనిషి అని ఉంది. జీతం ఎక్కడా లేదు.

"ఆసుపత్రిలో తుడిచే పనని చెప్పినాడే ఏజెంటు. నూటిరవై దినార్లు అన్నాడు."

అగ్రిమెంటు కాగితం ఇచ్చారా అని అడిగాను. సంతకం పెట్టించుకున్నారట, కాగితం మాత్రం ఇవ్వలేదట. ఏం చదువుకున్నావని అడిగితే మొహం కాస్త వెలిగింది. "పది పాసైనా మేడం. ఫస్టు క్లాసు."

ఆ మాట విన్నప్పుడు నాకు ఏమీ తోచలేదు. కువైట్‌లో మా అల్లుడు పాస్‌పోర్టుల సంగతి విడమరిచి చెప్పాక మాత్రం రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. మీకు తెలిసిందే అయినా, ఈ ఉత్తరం చదివే మా ఊళ్ల వాళ్ల కోసం రాస్తున్నాను. పదో తరగతి పాస్ కానివాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. అది పట్టుకుని కువైట్, సౌదీ లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద క్లియరెన్స్, అంటే వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి, తీసుకోవాలి. ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకైతే ముప్పై ఏళ్లు నిండాలి. ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఒప్పందం చూస్తారు, పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయిస్తారు. పదో తరగతి పాసైతే ఈసీఎన్‌ఆర్ పాస్‌పోర్టు. దానికి ఈ తనిఖీ ఏదీ అక్కర్లేదు. చదువుకుంది కాబట్టి తన మంచిచెడ్డలు తనే చూసుకుంటుందని దాని భావం.

ఆ అమ్మాయి చేతిలో ఉన్న కాగితం అరబీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. ఆమె ఫస్టు క్లాసులో పాసైంది తెలుగు మీడియంలో. మాలాంటి టీచర్లు సంతోషంగా చేతికిచ్చిన సర్టిఫికెట్టే ఆమె చుట్టూ ఉండాల్సిన కంచెను తీసేసింది. నా చేతుల మీదుగా ఎంతమంది ఆడపిల్లలు అలా పాసై వెళ్లారో లెక్కపెట్టుకుంటే కడుపులో దేవినట్టయింది.

ఇక కువైట్. మా అమ్మాయి వాళ్లది సాల్మియా. సాయంత్రం సముద్రం ఒడ్డున నడుస్తుంటే పిల్లల బండ్లు తోసుకుంటూ మన ఆడవాళ్లు కనిపిస్తారు. మొదటి వారంలోనే ఒకామె అరబ్బు పిల్లాణ్ణి భుజాన వేసుకుని తెలుగులో జోకొడుతుంటే ఆగిపోయాను. ఆ పిల్లాడు దిగి, పరుగెత్తి, వెనక్కి తిరిగి "అక్కా, దా" అన్నాడు. స్వచ్ఛమైన మా సీమ యాస. ఆమెది పుల్లంపేట పక్కన పల్లె. సొంత కొడుకు ఆరో తరగతి అని చెప్పి, "వాడు నాతో ఫోన్లో మాట్లాడడు మేడం, సిగ్గుపడతాడు" అంది.

వాళ్ల మాటలు కొన్ని నాకు మొదట అర్థం కాలేదు. "మా మామ మంచిది, బాబాకే కోపం ఎక్కువ" అంటుంటే మామ ఏమిటి, మంచిది ఏమిటి అనుకున్నాను. అక్కడ మామ అంటే ఇంటి యజమానురాలు, బాబా అంటే యజమాని. ఖద్దామా అంటే పనిమనిషి. ఇంటి పని వీసాను ఇరవై అంటారు, కంపెనీ వీసాను పద్దెనిమిది అంటారు. కువైట్ నివాస చట్టంలోని ఆర్టికళ్ల నంబర్లు అవి. బడి మొహం చూడని ఆడవాళ్లు కూడా "నాది ఇరవై అక్కా" అని చెప్పుకుంటారు. అయితే ఇరవైలో తనకు ఏమేం దక్కాలో మాత్రం వాళ్లకు తెలియదు.

శుక్రవారం మా అమ్మాయి నన్ను మాలియా తీసుకెళ్లింది. కువైట్ సిటీలో మనవాళ్లు కలుసుకునే చోటు. కార్గో కట్టించేవాళ్లు, డబ్బు పంపేవాళ్లు, ఫోన్ సిమ్ములు కొనేవాళ్లు, ఊరి కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఎటు చూసినా తెలుగే. రాయచోటి, కోడూరు, రాజోలు, నర్సాపురం, పాలకొల్లు, ఇవన్నీ ఒకే ఫుట్‌పాత్ మీద నిలబడి ఉన్నట్టుంది. హోలీ ఫ్యామిలీ కథెడ్రల్‌లోనూ, ఎవాంజెలికల్ చర్చి ఆవరణలోనూ తెలుగు ప్రార్థనలు జరుగుతాయి. ప్రార్థన అయ్యాక మెట్ల మీద కూర్చుని ఆడవాళ్లు ఫోన్లు తీసి ఇళ్ల ఫొటోలు చూపించుకుంటారు. పిల్లల ఫొటోల కంటే ముందు ఇళ్ల ఫొటోలే బయటికి వస్తాయి. ఒకామె పదకొండేళ్లు పనిచేసి కట్టుకున్న రెండంతస్తుల మేడ చూపించింది. అందులో తను ఎన్ని రాత్రులు పడుకుందో వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "రెండు నెలలు ఉంటాయేమో" అంది. ఆ మేడ ఆమెకు గర్వం. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. ఆ డబ్బుతో ఆడపిల్లల పెళ్లిళ్లయ్యాయి, అప్పులు తీరాయి, బోర్లు పడ్డాయి. మా బడికి వచ్చిన పిల్లలు ఆ దినార్లతోనే డిగ్రీలు చదివారు.

మంచి ఇళ్లు కూడా చూశాను. అంబాజీపేట నుంచి వచ్చిన ఒకావిడ పద్నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంది. "మా మామ మా అమ్మాయి పెళ్లికి గొలుసు పెట్టిందండి. నాకు ఒంట్లో బాగోకపోతే తనే వంట చేసేసిందండి" అని చెప్పింది. ఇలాంటివాళ్లు తక్కువేం కాదు. కానీ మెట్ల మీద కూర్చున్న వాళ్లందరూ సెలవు దొరికినవాళ్లే కదా. నాకు మొదట అది తట్టలేదు. 1988లో మొదటిసారి అక్కడికి వెళ్లిన ఒక పెద్దామె గుర్తుచేసింది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు బస్సుల్లో అమ్మాన్ దాకా వెళ్లి, మన ప్రభుత్వం దాదాపు 1,70,000 మందిని తెచ్చిన విమానాల్లో ఒకదాంట్లో కట్టుబట్టలతో ఇల్లు చేరిన మనిషి. రెండేళ్లకు మళ్లీ వెళ్లింది. ఆమె అంది: "ఈడ కనపడేటోళ్లు బాగున్నోళ్లే తల్లీ. బాగలేనోళ్లు ఇంట్లోంచి బయటికి రారు, వాళ్లను నువ్వు చూడలేవు."

అలా బయటికి రాలేని వాళ్లలో కొందరి గురించి, తప్పించుకుని వచ్చినవాళ్ల నోటి నుంచే విన్నాను. ఒకామెకు రెండేళ్లలో ఒక్క శుక్రవారం సెలవు లేదు. రంజాన్ నెలంతా సాయంత్రం విందు, తెల్లవారుజామున భోజనం, మధ్యలో వచ్చిపోయే చుట్టాలు, మూడు గంటల నిద్ర. చలికాలం యజమానులు ఎడారిలో డేరాలు వేసుకుని సరదాగా గడుపుతారు. ఆ డేరాల్లో నెలల తరబడి వంట, గిన్నెలు, పిల్లలు ఆమె చేతిమీదే. చన్నీళ్లకు చేతులు పగిలిన గుర్తులు చూపించింది. ఫోన్ రాత్రి పదకొండు తర్వాత పావుగంట ఇచ్చేవాళ్లు. మొదటి ఆరు నెలల జీతం "ఆఫీసు పట్టుకుంది" అన్నారు. అడిగితే బాబా ఒకటే మాట: "నీకోసం వెయ్యి దినార్ల పైన కట్టాను."

ఆ మాటలోనే అసలు చిక్కు ఉందని నాకు అనిపించింది. అక్కడి కుటుంబం మక్తబ్‌కి, అంటే పనిమనుషులను తెప్పించే ఆఫీసుకి, పెద్ద మొత్తం కడుతుంది. ఇక్కడ మన ఏజెంటుకు అందులో వాటా ముడుతుంది. అది చాలక చాలామంది దగ్గర మళ్లీ తీసుకుంటాడు. డ్వాక్రా లోను తీసి ఏజెంటుకు కట్టినవాళ్లను నేను కలిశాను. యజమాని మనిషిని కొనుక్కున్నాననుకుంటాడు. అప్పు తీర్చాలి కాబట్టి ఆమె కూడా నోరెత్తదు. భరించలేక గోడ దూకితే పారిపోయిన కేసు పెడతారు. ఆ రోజుతో ఆమె చట్టం దృష్టిలో దొంగ అవుతుంది. ఏదో ఒక గదిలో దాక్కుని గంటల లెక్కన ఇళ్లలో పనిచేసుకుంటూ పోలీసు బండి కనిపిస్తే సందులోకి తిరుగుతుంది.

అలాంటి ఒకామెను కలిశాను. 2024 మార్చి నుంచి జూన్ దాకా కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చింది. అకామా, అంటే నివాస అనుమతి, లేనివాళ్లు జరిమానా కట్టకుండా దేశం విడిచి వెళ్లొచ్చన్నారు. ఆమె వెళ్లలేదు. ఎందుకమ్మా అంటే, "పోతే జైల్లో వేస్తారని రూమాయన చెప్పినాడు" అంది. ఆ రూమాయనకు ఆమె నెలనెలా అద్దె కడుతుంది. తెలుగులో నిజం చెప్పే ఇంకో గొంతు ఆమెదాకా రాలేదు.

ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వెళ్లకముందు, అక్కడ ఇంటి పనివాళ్లకు చట్టమే లేదని అనుకున్నాను. ఉంది. కువైట్‌లో 2015లో 68వ నంబరు చట్టం చేశారు. గల్ఫ్‌లో ఇంటి పనివాళ్ల కోసం అంత వివరంగా చట్టం చేసిన మొదటి దేశాల్లో అదొకటి. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి జీతంతో సెలవు. పని మానేసి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. జీతం ఆలస్యమైతే నెలకు పది దినార్లు అదనం. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దాచుకోకూడదు. మక్తబ్ వాళ్లు పనిమనిషి దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లని ప్రకటించారు. దినారు మన 270 రూపాయల పైమాటే, అంటే పదహారు వేల రూపాయల పైన. తక్కువే, కానీ అంతకన్నా తక్కువ తీసుకుంటున్నవాళ్లూ కనిపించారు. 2021 జూన్‌లో మన దేశానికీ కువైట్‌కీ ఇంటి పనివాళ్ల మీద అవగాహన ఒప్పందం కూడా జరిగింది.

ఒప్పంద పత్రం అరబీ, ఇంగ్లీషు భాషల్లో ఉంటుంది. నేను మాట్లాడినవాళ్లలో వారం సెలవు చట్టంలో ఉందని తెలిసింది ఇద్దరికే. పని మానేసేటప్పుడు రావాల్సిన డబ్బు గురించి ఒక్కరికీ తెలియదు. పద్నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉన్న ఆవిడకు చెబితే, "అలా అడిగితే తప్పు కాదాండీ" అంది. మామ ఇచ్చిన గొలుసు బహుమతి అనీ, ఇది మాత్రం ఆమె సంపాదించుకున్న సొమ్మనీ చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

కువైట్ చట్టాన్ని మీరు మార్చలేరు. కఫీల్ పద్ధతిని, అంటే పిలిపించిన యజమాని చేతిలోనే వీసా ఉండే పద్ధతిని, మీరు తీసేయలేరు. అది మిమ్మల్ని అడగడం లేదు. ఆ చట్టాన్ని మన ఊళ్లో, మన భాషలో, ఆమె విమానం ఎక్కకముందు చెప్పడం మీ చేతిలో ఉంది.

శిక్షణలు ఉన్నాయని మీరు అనొచ్చు. కేంద్రం ప్రయాణానికి ముందు శిక్షణ పెట్టింది, నిజమే. అది ఎమిగ్రేషన్ క్లియరెన్స్ దారిలో వెళ్లేవాళ్ల దగ్గరికి వెళుతుంది. నా పక్కసీట్లో కూర్చున్న అమ్మాయి ఆ దారిలో లేదు. విజిట్ వీసా మీద ముందు ఇంకో దేశం వెళ్లి అక్కడి నుంచి కువైట్ చేరినవాళ్లూ ఆ దారిలో లేరు. ముప్పై ఏళ్ల నిబంధన మంచి ఉద్దేశంతోనే పెట్టారు. దానివల్ల ఇరవై ఏడేళ్ల మనిషి ఆగిపోలేదు. చుట్టు తిరిగి వెళ్లింది, లేదా వయసు మార్చుకుని వెళ్లింది. అక్కడికి చేరాక తన కాగితాలే అబద్ధం కాబట్టి ఫిర్యాదు చేయడానికి భయపడింది. అందుకని ఇంకా కొత్త నిషేధాలు పెట్టమని నేను కోరను. ఇంట్లో నీళ్లు లేవు, భర్త తాగుతాడు, చిన్నదానికి ఫీజు కట్టాలి. ఆమె వెళుతుంది. ఎలా వెళ్లినా ఆమె ముందుగా తెలుసుకుని వెళ్లేలా చేయండి.

మన ఊళ్లో ఎవరు కువైట్ వెళుతున్నారో ఏజెంటు కంటే ముందు తెలిసేది డ్వాక్రా సంఘానికి. లోను అడుగుతుంది కదా. ఆ సంఘం మీటింగులోనే చెప్పించండి. చెప్పేది ఆఫీసరు వద్దు. కువైట్‌లో పదేళ్లు చేసి తిరిగొచ్చిన ఆడవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్లకు అరబీ వచ్చు, ఏ ఇంట్లో ఏం జరుగుతుందో వచ్చు, ఎక్కడ తగ్గాలో ఎక్కడ నిలబడాలో వచ్చు. తిరిగొచ్చాక వాళ్లకు మన దగ్గర ఏ పనీ లేదు. వాళ్లకు కొంత జీతమిచ్చి ఈ పని అప్పగించండి. మా టీచర్లు వంద పాఠాలు చెప్పినా, "నా పాస్‌పోర్టు ఇట్ల లాక్కున్నారు, నేను ఇట్ల అడిగి తీసుకున్నా" అని ఆమె చెప్పే ఒక్క మాట ముందు నిలవవు.

చెప్పాల్సినవాటిలో ఒకటి నేను కువైట్‌లోనే నేర్చుకున్నాను. అది రాయకుండా ఉండలేను. ఏడెనిమిదేళ్ల కిందట మా బడి దగ్గర ఒక పెద్దాయన కూతురు ఫోన్ చేయడం లేదని తిరిగాడు. అర్జీ నేనే రాసిచ్చాను. వెళ్లిన చోటల్లా యజమాని చిరునామా కావాలన్నారు. ఆయన దగ్గర లేదు. కూతురికీ తెలియదు. ఎయిర్‌పోర్టు నుంచి రాత్రివేళ కారులో తీసుకెళ్లారు, ఏ ఊరో ఏ వీధో ఆమె ఏం చెబుతుంది? ఆ అర్జీ ఎటూ కదల్లేదు. కువైట్‌లో చూస్తే ప్రతి భవనానికి ఒక చిన్న పలక ఉంది, దాని మీద ఎనిమిది అంకెల నంబరుంది. పౌర సమాచార సంస్థ, పాసీ అంటారు, వాళ్లిచ్చిన నంబరు. ఆ నంబరు కొడితే ఆ ఇల్లు ఎక్కడుందో ఫోన్లోనే మ్యాప్ మీద కనపడుతుంది. మా అల్లుడు కొట్టి చూపించాడు. గుమ్మం పక్కన ఆ పలక చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. దిగిన మొదటి రోజు, ఫోన్ లాక్కోకముందు, ఆ పలకను ఫొటో తీసి ఇంటికి పంపాలని ఆ అమ్మాయికి ఎవరైనా చెప్పి ఉంటే ఆ పెద్దాయన అన్ని ఆఫీసుల మెట్లు ఎక్కి దిగేవాడు కాదు. ఫోన్ లేకపోయినా ఎనిమిది అంకెలు బట్టీ పెట్టగలదు. మా పిల్లలు అంతకంటే పెద్దవి బట్టీ పట్టారు.

అలాగే ఆమె చేతికి ఒకే ఒక్క పేజీ ఇవ్వండి. ఒకవైపు పెద్ద తెలుగు అక్షరాల్లో ఆమె హక్కులు. రెండోవైపు అవే మాటలు అరబీలో, యజమానికి చూపించడానికి. కువైట్‌లో దయ్యా అనే ప్రాంతంలో ఉన్న మన రాయబార కార్యాలయం చిరునామా, అక్కడ కష్టంలో ఉన్న ఆడవాళ్లకు ఆశ్రయం ఉందన్న సంగతి. ఇల్లు వదిలిపెట్టాల్సి వస్తే ముందు ఎక్కడికి వెళ్లాలో, ఎవరి గదికి వెళ్లకూడదో.

ఫోన్ లైను ఉంటే దాని వేళలు కూడా ఆలోచించండి. వాళ్లకు రాత్రి పదకొండు అయితే మనకు ఒంటిగంటన్నర. పావుగంట ఫోన్ దొరికేది అప్పుడే. ఆ వేళ రాయచోటి మనిషికైనా రాజోలు మనిషికైనా అర్థమయ్యే తెలుగులో మాట్లాడేవాళ్లు ఉండాలి. వాయిస్ మెసేజ్ పెడితే తెల్లారేసరికి ఎవరో ఒకరు విని ఉండాలి. టైపు చేయలేనివాళ్లే ఎక్కువ.

2024 జూలైలో కువైట్ ఎడారిలో పశువుల్ని, పక్షుల్ని చూసుకుంటూ ఏడ్చిన మనవాడి వీడియో అందరం చూశాం. మంత్రి లోకేశ్ గారు స్పందించారు, కొద్ది రోజుల్లోనే అతను ఇల్లు చేరాడు. ఆ రోజు మా వీధిలో అందరం సంతోషపడ్డాం, నేను కూడా. అంతకు నెల ముందు, జూన్ 12న, కువైట్‌లోని మంగాఫ్‌లో భవనం తగలబడి నలభై మందికి పైగా భారతీయులు చనిపోతే దేశమంతా కదిలింది. వీడియో తీసుకునే ఫోన్ లేనిదానికీ, నలుగురి కంటపడకుండా ఒక ఇంటి తలుపు వెనక ఒక్కతే ఉన్నదానికీ అంత తొందరగా కదిలే ఏర్పాటు మన దగ్గర లేదు. ఫోన్ చేయడం ఆగిపోయి నెల దాటిందని తల్లిదండ్రులు చెబితే చాలు, వీసా కాగితం ఫొటో ఉంటే చాలు, గ్రామ సచివాలయంలోనే ఫిర్యాదు తీసుకునేలా ఉత్తర్వు ఇవ్వండి. మిగతా వివరాలు వెతకడం ప్రభుత్వానికి కష్టం కాదు. ఆ పెద్దాయనకు మాత్రం అది చేతకాని పని.

కేంద్రానికి ఒక ఉత్తరం కూడా మీరు రాయాలి. 2015లో నర్సుల విషయంలో ఇలాగే మోసాలు జరుగుతుంటే, పాస్‌పోర్టు ఏదైనా సరే ఈ 18 దేశాలకు వెళ్లే నర్సులకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి చేశారు. డిగ్రీ చదివిన నర్సుకే ఆ రక్షణ అవసరమని ఒప్పుకున్నప్పుడు, పది పాసై ఇంటి పనికి వెళ్లే పిల్లకు అక్కర్లేదని ఎలా అనుకున్నాం? వయసు అడ్డం పెట్టకుండా, ఒప్పందం తెలుగులో చదివి వినిపించి ఒక కాపీ ఆమె చేతికి ఇచ్చాకే విమానం ఎక్కించే పద్ధతి ఒకటి రావాలి. రుసుము లేకుండా, ఒక్క రోజులో, రాజంపేటలోనే అయిపోయేలా ఉండాలి. నెలలు తిప్పితే మళ్లీ ఏజెంటు విజిట్ వీసా చూపిస్తాడు.

నేను తిరిగి వచ్చే ముందు శుక్రవారం మాలియాలో మళ్లీ తిరిగాను. విమానంలో కలిసిన అమ్మాయి కోసం. దిగేటప్పుడు నా నంబరు ఆమె అరచేతి మీద పెన్నుతో రాశాను. కాగితం పోతుందేమోనని తనే చెయ్యి చాపింది. ఇమిగ్రేషన్ దాటాక ఆడవాళ్లందరినీ ఒక పక్కన కూర్చోబెట్టారు. అక్కడి నుంచి చెయ్యి ఊపింది. ఇప్పటికి తొమ్మిది వారాలైంది. ఫోన్ రాలేదు. బాగుండి, పనిలో పడి మరిచిపోయిందనే అనుకోవాలని ఉంది. ఆమె పేరు, ఊరు, ఆ వీసా కాగితం మీద నేను చదివిన స్పాన్సర్ పేరు ఈ ఉత్తరంలో రాయడం లేదు. విడిగా కవర్లో పెట్టి మీ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. దయచేసి ఎవరినైనా ఆ ఇంటికి పంపి, ఆమె చేత వాళ్లమ్మకు ఒక్కసారి ఫోన్ చేయించండి.

ఇట్లు,
రిటైర్డ్ సోషల్ టీచరు,
రాజంపేట